హుసైన్: నాలుగు హర్ఫ్‌ల పేరు

పోయిన నెల పుప్పాలగూడలో మా భాంజా ఇంట్లో అఖీకా జరిగింది. బిర్యానీ బాగుంది, పదమూడో అంతస్తు బాల్కనీలో గాలి బాగుంది. పేరు దగ్గరే పేచీ వచ్చింది. పిల్లాడి పేరులో మా అబ్బా పేరు హుసైన్ కలవాలని మా ఆపా పట్టుబట్టింది. భాంజా సాఫ్ట్‌వేర్ మనిషి. "మామూ, పేరు మీద నాకు ఏతరాజ్ లేదు. కానీ నానా ఎంత పరేషాన్ అయిండో యాదికుంది కదా" అన్నాడు.

ఎట్లా మరిచిపోతాను? అబ్బా సర్వీస్ రిజిస్టర్‌లో హుస్సేన్. రేషన్ కార్డులో హుసేన్. బ్యాంకు పుస్తకంలో ఉస్సేన్. ఈ ముగ్గురూ ఒక్క మనిషే అని ఒక దఫ్తర్‌లో సాబిత్ చేసేసరికి ఎనిమిది నెలల పింఛను ఆగిపోయింది.

ఉర్దూలో ఈ తక్లీఫ్ లేదు. బడీ హే, సీన్, యే, నూన్. నాలుగే హర్ఫ్‌లు, సీన్ ఒక్కటే. తెలుగులోకి రాగానే ఆ 'స' కింద ఇంకో 'స' వచ్చి కూర్చుంది. ఒప్పుకుంటాను, పత్రికలో ఇన్నేళ్లూ నేనూ హుస్సేన్ అనే రాశాను. ఇక మతలబ్ అంటారా, హుస్న్ అంటే అందం, హసన్ అంటే అందమైనవాడు, హుసైన్ దానికి తస్‌గీర్, అంటే 'చిన్న హసన్'. అరబీలో అదొక ముద్దు పేరు. హిజ్రీ 61లో, క్రీస్తు శకం 680లో కర్బలా జరిగాక ఆ ముద్దు పేరు తల్చుకుంటేనే కళ్లు తడిసే పేరయింది.

పుప్పాలగూడలో కూర్చుని ఈ పేరు గురించి బహస్ చేయడం నాకు తమాషాగా అనిపించింది. ఎందుకంటే పక్కనే మణికొండ, అక్కడి నుంచి షేక్‌పేట వైపు వెళ్తే హజ్రత్ హుసైన్ షా వలీ దర్గా. గుల్బర్గా ఖాజా బందానవాజ్ ఖాందాన్ వారని, సుల్తాన్ ఇబ్రాహీం కుతుబ్‌షాకు అల్లుడని తారీఖ్‌లు చెప్తాయి. 1562లో ఇబ్రాహీం కుతుబ్‌షా కాలంలో తవ్విన పెద్ద చెరువు పని చూసింది ఆయనే అంటారు. చెరువుకు ఇబ్రాహీం సాగర్ అని పేరు పెట్టుకోవాలని సుల్తాన్‌కు ఆశ. పని చేసిన కూలీలు, దారిన పోయేవాళ్లు మాత్రం హుసైన్ సాగర్ అన్నారు. సుల్తాన్ ఊరుకుని తన పేరుతో ఇబ్రహీంపట్నం చెరువు వేరే కట్టించుకున్నాడని ఖిస్సా. ఖిస్సా సంగతి అట్లా ఉంచండి, ఆ పేరును ఒకసారి పలికి చూడండి. సగం అరబీ, సగం సంస్కృతం. నాలుగున్నర వందల ఏళ్లుగా ఎవరికీ అందులో అతుకు కనిపించలేదు. 1992 నుంచి ఆ నీళ్ల నడుమ బుద్ధుడు నిలబడి ఉన్నాడు.

చెరువు మీద పేరు నిలిచింది. భూమి మీద కథ వేరు. 1949లో జాగీర్లు రద్దయినా రెవెన్యూ రికార్డులో 'మణికొండ జాగీర్' అన్న మాట పోలేదు. అక్కడి 1,654 ఎకరాల 32 గుంటలు దర్గావేనని 2006లో వక్ఫ్ గెజిట్‌లో సవరణ వచ్చింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, ఆ భూమి సర్కారుదేనంది. తీర్పు మీద బహస్ ఇంకోసారి చేద్దాం. భాంజాకు మాత్రం ఇంతే చెప్పాను: బేటా, మీ ఆఫీసు బస్సు పోయే తోవలో ఈ పేరు మీద ఇన్నేళ్లు ముకద్దమా నడిచింది, నీకు రేషన్ కార్డు భయమా?

అప్పుడు మా ఫూఫీ కల్పించుకుంది. "మా చిన్నప్పుడు ఊళ్లో పీర్లను ఎత్తుకునేది అంతా హిందువులేరా. హసన్, హుసైన్ అనేటోళ్లు కాదు, అసన్, ఉసేన్ అనేటోళ్లు" అంది. నిజమే. రాయలసీమకు పోతే హుసేనప్ప, హుసేనమ్మ అన్న పేర్లు హిందూ ఇళ్లలోనే వినిపిస్తాయి. పీరుకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డలు. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం నాడు ఎంత జనం వస్తారో చూసినవాళ్లకు తెలుసు. ఆ జాతర మీద మన అఫ్సర్ 2013లో ఇంగ్లిష్‌లో ఒక కితాబే రాశారు. మనమేమో సున్నీలదా షియాలదా అని వాదించుకుంటూ ఉంటే, హుసేనప్ప ఎప్పుడో పీరును భుజానికెత్తుకున్నాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన హుసైన్ సంగీతంలో ఉన్నాడు. టర్కీ, అరబ్ సంగీతాల్లో హుసైనీ అని ఒక మకామ్ ఉంది. కర్ణాటక సంగీతంలో హుసేని అని ఒక రాగం, ఖరహరప్రియకు జన్యం. త్యాగరాజు అందులో కృతి కట్టాడు. క్షేత్రయ్య పదాలూ ఆ రాగంలో పాడతారు. మువ్వగోపాలుడి మీద అలిగిన నాయిక తన బాధను హుసేనిలో చెప్పుకుంటుంది! డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు ఈ సంగతి తెలిసి ఆ రోజంతా ఖుషీగా తిరిగాను. ఉర్దూ మీడియం నుంచి వచ్చినవాడిని కదా, తెలుగు క్లాసులో నాకూ ఒక కుర్చీ దొరికినట్టనిపించింది.

ఇంగ్లిష్ సిపాయిలది ఇంకో తమాషా. మొహర్రం జులూస్‌లో "యా హసన్, యా హుసైన్" అన్న నారా వాళ్ల చెవిలో పడి 'హాబ్సన్ జాబ్సన్' అయింది. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు హిందుస్తానీ ఇంగ్లిష్ మాటల లుగత్ అచ్చు వేసి దానికి ఆ పేరే పెట్టారు. చెరకు తోటల కూలీలుగా మన దేశం నుంచి ఓడలెక్కిన వాళ్లతో ఈ పేరు ట్రినిడాడ్ చేరి 'హోసే' అయింది. 1884లో ఆ హోసే జులూస్ మీద బ్రిటిష్ పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయిన కూలీల్లో హిందువులూ ఉన్నారు.

ఇదంతా విని భాంజా, "సరే మామూ, హుసైనే పెడదాం. ఇంగ్లిష్‌లో ఒక ఎస్సా, రెండా?" అని ల్యాప్‌టాప్ తెరిచాడు. అబ్బా సర్వీస్ రిజిస్టర్‌లో ఉన్నట్టు రెండు ఉండాలంది ఆపా. రెండూ పెట్టాం. తెలుగులో మాత్రం నేను పట్టుబట్టి ఒక్క 'స'తోనే రాయించాను.

"మామూ," అన్నాడు భాంజా నవ్వుతూ, "వీడికి ఇంకా బర్త్ సర్టిఫికెట్ రాలే, అప్పుడే రెండు ఇమ్లాలయినయి."