లేని ఫైలును తెలుపుట ఎట్లు?

దరఖాస్తుల అడుగున "జతపరచిన పత్రములు" అను వరుస యొకటి యుండును. జతపరచవలసినదేమియు లేనప్పుడు కొందరు అచట "లేవు" అని వ్రాయుదురు. కొందరు ఖాళీగా విడుతురు. మొదటిదానిని చూచిన గుమాస్తాకు సందేహము కలుగదు. రెండవదానిని చూచినప్పుడు మాత్రము, పత్రమే లేదా, ఉన్నదానిని జతచేయ మరచిరా, లేక దారిలో జారిపోయినదా అని అతడు ఆలోచింపవలసి వచ్చును. దరఖాస్తు కాగితమును విడిచి కంప్యూటరులోనికి వచ్చిన తరువాత కూడ ఈ చిక్కు పోలేదు.

1995 నవంబరులో వెలువడిన హెచ్.టి.ఎం.ఎల్. 2.0 ప్రమాణము ననుసరించి, వెబ్ పుటలోని ఫారమునకు అక్షరములు వ్రాయు గడి, టిక్కు పెట్టు గడి మున్నగునవి కలవు. ఫైలును పంపు గడి మాత్రము లేదు. నింపిన సమాచారమంతయు ఒకే పొడవైన వరుసగా సర్వరునకు చేరును. అక్షరములును అంకెలును అట్లే పోవును. తక్కిన బైట్లలో దాదాపు అన్నిటికిని బదులుగా ఒక శాతపు గుర్తును, దాని వెనుక రెండు గుర్తులును పంపవలెను. అనగా ఒక బైటు మూడగును. బైటునకు గల 256 విలువలలో ఆంగ్లాక్షరములకును అంకెలకును చెందినవి 62 మాత్రమే. కావున ఛాయాచిత్రము వంటి ఫైలును ఈ మార్గమున పంపినచో అది రెండింతలకు మించి పెరుగును.

దీనికి పరిష్కారము ఎలక్ట్రానిక్ తపాలానుండి లభించినది. 1992 జూనులో నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అనువారు మైమ్ అను పద్ధతిని ప్రకటించిరి. ఇందు ఒకే ఉత్తరమును పెక్కు భాగములుగా విభజింపవచ్చును. భాగమునకును భాగమునకును నడుమ ఒక సరిహద్దు గుర్తు ఉండును. ప్రతి భాగమునకును దాని స్వభావమును తెలుపు శీర్షిక ఉండును. జిరాక్సు సంస్థకు చెందిన ఎర్నెస్టో నెబెల్, లారీ మాసింటర్ ఈ పద్ధతినే ఫారములకు అన్వయించి, 1995 నవంబరులో ఆర్.ఎఫ్.సి. 1867 అను పత్రమును వెలువరించిరి. అంతకుముందున్న ఎనిమిది విధముల గడులకు తోడుగా ఫైలు గడి తొమ్మిదవది అయినది. బైట్లను మార్చకుండ ఉన్నవి ఉన్నట్లుగా పంపుట సాధ్యమైనది.

అయితే గడి ఉన్నది గదా యని అందరును ఫైలును పంపరు. పంపనప్పుడు ఏమి జరుగును? టిక్కు పెట్టని గడిని గూర్చి బ్రౌజరు సర్వరునకు ఏమియు చెప్పదు. ఫైలు గడి విషయము వేరు. ఏ ఫైలును ఎన్నుకొనకపోయినను ఒక భాగము బయలుదేరును. అందు శీర్షిక ఉండును. ఫైలు పేరు ఖాళీ. లోపల 0 బైట్లు. నేటి హెచ్.టి.ఎం.ఎల్. ప్రమాణము ఈ నియమమును స్పష్టముగా పేర్కొనుచున్నది.

కనుక సర్వరు మూడు స్థితులను వేరుపరుపవలెను. భాగమే రాకపోవుట మొదటిది. పేరు లేని ఖాళీ భాగము వచ్చుట రెండవది. ఇది "లేవు" అని వ్రాయుట వంటిది. పేరుండియు 0 బైట్లు గల నిజమైన ఫైలు వచ్చుట మూడవది. పరిమాణమును మాత్రమే చూచు ప్రోగ్రాము కడపటి రెండింటిని ఒకటిగా భావించును.

పి.హెచ్.పి. భాష చరిత్ర ఇందుకు నిదర్శనము. ప్రారంభమున ఫైలు రాలేదని తెలిసికొనుటకు పరిమాణము సున్నయా, తాత్కాలిక ఫైలు పేరునకు మారుగా "ఏదియు లేదు" అను మాట వచ్చినదా అని చూడవలసి యుండెడిది. 2002లో వచ్చిన 4.2.0 కూర్పునుండి ప్రతి ఫైలునకును ఒక సంకేత సంఖ్య లభించినది. 0 అనగా ఫైలు క్షేమముగా చేరినది. 1, 2 అనగా పరిమితి మించినది. 3 అనగా కొంత భాగమే చేరినది. 4 అనగా ఫైలు పంపబడలేదు. ఫైలు తప్పనిసరియైన చోట 4 దోషము. ఐచ్ఛికమైన చోట అది సమాచారము మాత్రమే. 3 మాత్రము రెండు చోట్లను దోషమే.

ఈ భేదమును విస్మరించిన కలుగు నష్టము చిన్నది కాదు. ఒక విద్యార్థి పరీక్ష దరఖాస్తును ఛాయాచిత్రముతో పంపెననుకొందము. తరువాత చిరునామాను మాత్రమే సవరింపగోరి ఫారమును తెరచును. ఫైలు గడిని ముట్టడు. వచ్చిన ఖాళీ భాగమును సర్వరు క్రొత్త చిత్రముగా భావించినచో పాత చిత్రము చెరిగిపోవును. పరీక్ష నాడు హాల్ టికెట్టుపై ముఖము కనబడదు. విద్యార్థి చేసిన తప్పేమియు లేదు.

అందుచేత కొన్ని నియమములు పాటింపవలెను. ఫైలు రానిచో పాతదానిని కదలింపరాదు. వచ్చినచో దాని పరిమాణమును, రకమును పరీక్షించి, క్రొత్తది పూర్తిగా భద్రమైన పిమ్మటనే పాతదానిని తీసివేయవలెను. చిత్రమును తొలగింపదలచినవారికి అందులకై వేరొక గడి నీయవలెను. మౌనమును తొలగింపు ఆజ్ఞగా గ్రహింపరాదు.

ప్రయోగశాలలో ఉష్ణోగ్రతను వ్రాసికొను విద్యార్థికి ఈ సూత్రము క్రొత్తది కాదు. 0 డిగ్రీలు ఒక కొలత. ఖాళీగా విడిచిన గడి కొలత కాదు. ఖాళీని సున్నగా లెక్కించినచో సరాసరి తప్పును. ఖాళీని ఫైలుగా లెక్కించినచో ఉన్న ఫైలు పోవును.