చెవిటివాడూ - శంఖమూ - వేపపుల్లా

"చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడం నీ తాత తరం కూడా కాదన్నాడట" అని పెద్దలు చెప్పే సామెత ఒకటుంది. మనలో చాలామందికి అందులో మొదటి సగమే అలవాటు. శంఖం ఊదినట్టు అని అక్కడితో ఆపేస్తాం. అసలు సంగతి ఆ రెండో సగంలోనే ఉన్నదని నాకనిపిస్తుంది. ఆ చెవిటివాడు మందమతి కాడు. ఎదుటివాడి పెదవులనూ, పళ్ళనూ, ఉబ్బిన బుగ్గలనూ శ్రద్ధగా చూశాడు. చూసినదానికి తనకు తోచిన అర్థం చెప్పుకున్నాడు. అక్కడ శబ్దమొకటి ఉన్నదని తెలియజెప్పవలసిన బాధ్యత ఊదినవాడిది. అతడా పని చెయ్యకపోగా, సామెతలో నవ్వులపాలు అయినది మాత్రం చూసినవాడు.

బధిర బాలలకు పళ్ళు తోముకోవడం నేర్పే విషయంలో జరిగినది కూడా ఇంచుమించు ఇదే.

నిజామాబాదు నుంచి హైదరాబాదు పోయే దారిలో, డిచ్‌పల్లి దాటితే వచ్చే ఇందల్వాయి పేరు 17వ శతాబ్దపు యాత్రా గ్రంథాలలో కనిపిస్తుంది. 1660లలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, ఇక్కడ తయారయ్యే కత్తులు, బాకులు, బల్లేలు దేశమంతటికీ పోతాయని రాసుకున్నాడు. కొలిమి పని పుస్తకంలో చదివి నేర్చుకునేది కాదు. ఇనుము ఏ రంగుకు తిరిగినప్పుడు దెబ్బ వెయ్యాలో కన్ను చెప్పాలి, చెయ్యి వినాలి. కమ్మరం, కుమ్మరం, నేత, సేద్యం అన్నీ పక్కన కూర్చుని చూసి నేర్చినవే. అటువంటి చదువులో చెవి వినపడని పిల్లవాడు అందరికన్నా మరీ వెనకబడి ఉండవలసిన అవసరం లేదు.

పళ్ళు తోముకోవడమూ అటువంటి చదువే. నా చిన్నతనంలో తెల్లవారితే వాడ వాడంతా అరుగుల మీదా, బావి గడ్డ దగ్గరా కూర్చుని నోట్లో పుల్ల పెట్టుకునే ఉండేది. వేపపుల్ల కొందరికి, కానుగపుల్ల కొందరికి. పుల్ల దొరకని రోజున బొగ్గుపొడి, ఉప్పు, కచ్చిక. కొస నమిలి కుంచె చేసుకోవడం, ఒక్కొక్క పన్నూ తోముకోవడం, చివరకు పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకోవడం - ఈ మూడు అంకాలూ బహిరంగంగానే జరిగేవి. మా వాడలో పుట్టుకతో చెవుడున్న పిల్లవాడొకడు తాత పక్కన గొంతుక్కూర్చుని ఈ తంతు అంతా పొల్లుపోకుండా చేసేవాడు. తాత ఖాండ్రించి ఉమ్మితే తానూ ఖాండ్రించేవాడు. ఆ చప్పుడు తనకు వినపడదు కదా, అయినా అది పనిలో భాగమని కన్నుతోనే పట్టుకున్నాడు. వాడికెవరూ పాఠం చెప్పలేదు, వాడి ఎదుట అందరూ పళ్ళు తోముకున్నారు, అంతే.

ఆ కాలమే గొప్పదని వాదించడం నా ఉద్దేశం కాదు. బొగ్గూ, ఇటుకపొడీ పంటిపై పింగాణీని అరగదీస్తాయి. వేపపుల్ల నమిలినవాళ్ళకూ పళ్ళు ఊడాయి. నేను చెప్పదలచినది నేర్పిన తీరు గురించి మాత్రమే.

ఆ తీరు మారడానికి కారణాలలో ఒకటి మా జిల్లాలోనే ఉన్నది. 1931లో మంజీరపై నిజాంసాగరు పూర్తయింది. ఆ నీటితో చెరకు పెరిగింది. 1937 ప్రాంతంలో బోధనులో నిజాం చక్కెర కర్మాగారం వెలిసి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది (2015 డిసెంబరులో అది మూతపడింది). చక్కెర తీరు తెలిసినదే. నోటిలోని సూక్ష్మజీవులు దాన్ని తిని ఆమ్లాన్ని పుట్టిస్తాయి, ఆ ఆమ్లం పింగాణీని కరిగిస్తుంది, పన్ను పిప్పిపన్ను అవుతుంది. చిత్రమేమంటే కోల్గేటు కంపెనీ మన దేశంలో కాలు పెట్టిన ఏడు కూడా 1937. వ్యాధీ, మందూ జంటగా వచ్చినట్లయింది.

బ్రష్షు వచ్చిన తరువాత, మెల్లగా, ఆ పని అరుగు మీది నుంచి స్నానాల గది తలుపు వెనక్కు పోయింది. చూసి నేర్చుకునే వీలు తగ్గింది. ఆ లోటు పూడ్చడానికి వచ్చినవి మాటలు: వాచకంలో ఆరోగ్య సూత్రాలు, రేడియోలో ప్రకటనలు, టీవీలో పాటలు. వినగలిగిన పిల్లలకు ఇబ్బంది లేదు. వినలేని పిల్లవాడి ముందు మాత్రం మళ్ళీ శంఖమే.

ఇక బధిరుల బడి సంగతి. అక్కడ నోరే సర్వస్వం, కానీ మరొక కారణం చేత. 18వ శతాబ్దంలో పారిస్‌లో అబ్బే ద లెపే సైగలతో చదువు చెప్పాడు. జర్మనీలో సామ్యూల్ హైనికే బధిరులు నోటితోనే మాట్లాడాలన్నాడు. అచ్చులను గుర్తు పెట్టించడానికి హైనికే పిల్లల నాలుకపై చక్కెర నీళ్ళు, వినిగరు, ఆలివు నూనె వంటివి వేసి, ఒక్కొక్క రుచికి ఒక్కొక్క అచ్చును ముడిపెట్టాడట! 1880లో ఇటలీలోని మిలాను నగరంలో జరిగిన సభ హైనికే పక్షాన తీర్పు చెప్పింది. ఆ సభకు వచ్చిన 164 మంది ప్రతినిధులలో బధిరుడు ఒక్కడే. ఆ తీర్పుతో పెక్కు దేశాలలో సైగలను బడినుంచి వెళ్ళగొట్టారు. మన దేశంలో బొంబాయి (1885 ప్రాంతం), కలకత్తా (1893), పాళయంకోట బడులు పుట్టినది సరిగ్గా ఆ గాలి వీస్తున్న రోజులలోనే.

మన వర్ణమాలను ఆ పద్ధతిలో నేర్పడం ఊహించండి. త, థ, ద, ధ, న - దంత్యములు. అద్దం ముందు కూర్చోబెట్టి, నాలుక కొనను పంటికి ఆనించమని గంటల తరబడి చూపాలి. పన్ను ఎక్కడున్నదో ఆ పిల్లవాడికి తెలిసినంతగా మనకు తెలియదు. అయితే ఆ పాఠంలో పన్ను ఒక ఉచ్చారణ స్థానం, నొప్పి పుట్టే అవయవం కాదు. అదే అద్దంలో చిగుళ్ళ అంచున ఉన్న పాచిని చూపి, "ఇది ఉండకూడదు, ఎందుకంటే..." అని చెప్పాలంటే భాష కావాలి. పిల్లవాడికి సహజంగా అబ్బే సైగల భాషను బడి బయటే వదిలి రమ్మన్నారు కదా!

దంతవైద్యులకు ఈ చిక్కు కొంత అర్థమయింది. పిల్లల విషయంలో "చెప్పు, చూపు, చెయ్యి" అనే పద్ధతిని 1959లో ఆడెల్‌స్టన్ అనే వైద్యుడు ప్రతిపాదించాడు. బధిర బాలుడికి ఇందులో మొదటిది తీసివేస్తే మిగిలిన రెండూ చాలా పని చేస్తాయి. అద్దం, పెద్ద పళ్ళ నమూనా, పాచిని ఎర్రగా చూపించే రంగుబిళ్ళ - ఈ మూడింటికీ మాటతో పని లేదు. ఎరుపు పోయేదాకా తోమాలన్నది చూడగానే తెలుస్తుంది. వైద్యుని ముఖానికుండే మాస్కు మాత్రం పెదవుల కదలికను కప్పేస్తుంది. అందువల్ల మాస్కు వేసుకోక ముందే చూపవలసినదంతా చూపాలి. మధ్యలో నొప్పి పుడితే చెయ్యెత్తమని ముందే ఒక సైగ ఒప్పందం చేసుకోవాలి.

అయినా చూపడం ఒక్కటే చాలదు. ఎలా తోమాలన్నది కన్ను నేర్పుతుంది. రాత్రి పడుకునే ముందు కూడా ఎందుకు తోమాలి, నొప్పి లేని పన్నుకు వైద్యుడెందుకు అన్న ప్రశ్నలకు కన్ను జవాబు చెప్పలేదు. అక్కడ భాష తప్పదు. ఆ భాష మీది నిషేధం తప్పని ఒప్పుకోవడానికి లోకానికి 130 ఏళ్ళు పట్టింది. 2010లో వాంకూవరు సభ మిలాను తీర్మానాలపై విచారం ప్రకటించింది. మన దేశంలో హైదరాబాదు వాడైన అలీ యావర్ జంగ్ పేర బొంబాయిలో 1983లో బధిరుల జాతీయ సంస్థ ఏర్పడింది. భారతీయ సైగల భాషకంటూ పరిశోధన కేంద్రం ఢిల్లీలో వచ్చినది 2015లో. 2018లో 3,000 పదాలతో మొదలైన ఆ కేంద్రపు నిఘంటువు 2021 నాటికి 10,000 పదాలకు చేరింది.

నిఘంటువు ఢిల్లీలో ఉన్నంత మాత్రాన ఇందల్వాయిలో పన్ను నొప్పితో ఏడుస్తున్న పిల్లవాడికి ఒరిగేది లేదు. ఆ పదాలలో ఓ ఇరవై - పన్ను, నొప్పి, తీపి, పురుగు, రాత్రి, ఎందుకు - వాడి తల్లికీ, వాడి పంతులుకూ రావాలి. తలుపు తీసి వాడి ఎదుట ఇంట్లోవాళ్ళు పళ్ళు తోముకోవాలి. ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు.

మీ ఊళ్ళలో ఏ పుల్లలు వాడేవారో, బధిరులైన పిల్లలకు ఇంట్లో ఏ సైగలు అలవాటు చేశారో తెలిసినవారు దయచేసి చెప్పగలరు. ఇంటి సైగలను ఏ నిఘంటువూ పూర్తిగా ఎక్కించుకోలేదు. అవి వాడినవారితోనే పోతాయి.