సంఘం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఎవరైనా "కొత్తగా సంఘం పెట్టినారు" అంటే, "ఏం సంఘం?" అని అడగాల్సిందే. అది పొదుపు సంఘం కావచ్చు, రైతు సంఘం కావచ్చు, క్రైస్తవ సంఘమూ కావచ్చు.

'సమ్', 'హన్' కలిసి పుట్టిన ఈ సంస్కృత పదానికి గుంపు, సమూహం అని అర్థం. బౌద్ధులు భిక్షువుల సమూహానికి వాడారు. తెలుగు బైబిలు గ్రీకు 'ఎక్లేసియా'కు దీన్నే తీసుకుంది. ప్రాచీన ఏథెన్సులో ఎక్లేసియా అంటే పౌరుల సభ.

అందుకే క్రైస్తవుల వాడుకలో కట్టడం చర్చి లేదా మందిరం, మనుషులు సంఘం. పాస్టరు సంఘకాపరి. అద్దె గదిలో పదిమంది కూడినా సంఘమే. ఊరూరి సంఘాలు కలిసిన పెద్ద సంస్థకూ అదే మాట. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో మొదలుపెట్టిన పని జమ్మలమడుగు దాకా విస్తరించింది. ఆ పనితో పుట్టిన సంఘాలు కూడా చేరి 1947లో ఏర్పడిన సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)కి తెలుగు పేరు దక్షిణ ఇండియా సంఘం.

బయటివాళ్ల విషయంలో ఈ మాటకు ఒక గీత ఉంది. సభ్యత్వానికి బాప్తిస్మం కావాలి. ఆదివారం వచ్చి కూర్చోవడానికి, బిడ్డకు జ్వరమొస్తే ప్రార్థన చేయించుకోవడానికి అక్కర్లేదు. అలా వచ్చేవాళ్లు సంఘస్థుల లెక్కలో ఉండరు, కూడికలో మాత్రం ఉంటారు.