మాచూపిచ్చును కనుగొన్నదెవరు?

దక్షిణ అమెరికా ఖండమున పెరూ యను దేశము కలదు. పడమట సముద్రతీరమున ఎడారి, నడుమ ఆండీసు పర్వతపంక్తి, తూర్పున అమెజాను మహారణ్యము: ఒక్క దేశమున ప్రకృతి మూడు రూపముల దాల్చినది. సాహసయాత్రికు లిట్టి దేశమునకు పోగోరుట వింత గాదు. వారిలో పెక్కురు ముఖ్యముగా చూడగోరునది ఇన్కా ప్రభువుల పురాతన నివాసమైన మాచూపిచ్చు. దీనిని 1911లో హైరమ్ బింగ్హాము అను అమెరికా పండితుడు కనుగొనెనని మేమును పెక్కేండ్లు బాలురకు పాఠము చెప్పియుంటిమి. ఆ వాక్యమును సరిదిద్దుకొనవలసిన బాధ్యత మాపై నున్నదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇన్కాలు తమ రాజ్యమును తవంతిన్సుయు అనిరి. నాలుగు భాగములు కూడిన దేశమని దాని యర్థము. కుస్కో వారి రాజధాని. వారికి గుఱ్ఱములు లేవు, బండిచక్రము లేదు, మనము లిపి యనుకొను లిపియు లేదు, త్రాళ్లకు వేసిన ముడులతోనే లెక్కలు వ్రాసికొనిరి. అయినను ముప్పదివేల కిలోమీటర్లకు మించిన బాటలను పర్వతములమీదుగా వేసిరి. నడుమనడుమ సత్రములవంటి మందిరములు కట్టిరి. వార్తను ఒకరినుండి యొకరందుకొని పరుగెత్తు వార్తాహరులను నిలిపిరి. క్రీస్తుశకము పదునైదవ శతాబ్దమున పచకూతి యను ప్రభువు కాలమున రెండు శిఖరముల నడుమ, సముద్రమట్టమునకు 2,430 మీటర్ల యెత్తున, మాచూపిచ్చు వెలసినది. సున్నము లేకయే రాయిరాయికి అతుకునట్లు చెక్కి గోడలు కట్టిరి. కొండవాలున మెట్లమడులు తీర్చి, పైమట్టి క్రింద ఇసుకను, కంకరను, పెద్దరాళ్లను వరుసగా పఱచిరి. వాననీ రింకిపోవుచు మట్టి జారకుండుట కిదియే యుపాయము. ఆ మడు లిప్పటికిని నిలిచియున్నవి.

1532లో పిజారో యను స్పెయినువాడు ఇన్కా ప్రభువగు అతహువాల్పాను చెఱపట్టెను. 1572లో కడపటి ప్రభువు తూపాకు అమారును కుస్కోలో వధించిరి. మాచూపిచ్చు అప్పటికే పాడుపడినది. జయించినవారి కన్ను దానిపై పడలేదు గనుక వారి గునపమును పడలేదు. అడవి దానిని కప్పివేసెను.

ఇక బింగ్హాము కథ. ఈతడు యేలు విశ్వవిద్యాలయమున చరిత్ర బోధించువాడు. ఇన్కాల కడపటి రాజధానియగు విల్కబాంబను వెదకుచు ఉరుబాంబ నదిలోయకు వచ్చెను. కొండపై శిథిలములు కలవని మెల్చోరు ఆర్తేయాగ యను రైతు చెప్పగా, అతనికి ఒక సోలు నాణె మిచ్చి 1911 జులై 24వ తేదీన వెంటబెట్టుకొని పోయెను. ప్రవాహముపై దుంగల వంతెనను ప్రాకి దాటి, జారుడువాలు నెక్కి పైకి చేరునప్పటికి అచ్చట నేమి కనబడినది? మనుష్యసంచారము లేని యరణ్యము గాదు. రైతుల కుటుంబములు కాపురమున్నవి. పూర్వులు తీర్చిన మడులలోనే వారు పంటలు పండించుకొనుచున్నారు. వారు అతిథికి చల్లని నీరిచ్చి, చిలగడదుంపలు పెట్టి సేదదీర్చిరి. ఒక చిన్నవాని నిచ్చి శిథిలములు చూపించిరి. అందొక గోడమీద లిజారగ యను పేరును, 1902 అను సంవత్సరమును వ్రాసియుండెను. అగుస్తీను లిజారగ ఆ ప్రాంతపు సేద్యగాడే. బింగ్హాము తన దినచర్య పుస్తకమున ఆ పేరును వ్రాసికొనెను. అయినను లోకమున నిలిచినది బింగ్హాము పేరు.

బింగ్హాము చేసిన పనిని మేము తక్కువ చేయము. అతడు ఛాయాచిత్రములు తీసెను, పటములు గీయించెను, 1912లో మరల వచ్చి అడవిని కొట్టించి త్రవ్వించెను. అతని వ్రాతలవలననే లోకము దానిని తెలిసికొన్నది. కాని తాను చూచినది విల్కబాంబయే యని అతడు నమ్మెను. అది పొరపాటని తరువాతివారు తేల్చిరి. త్రవ్వకములందు దొరికిన వస్తువులను యేలునకు కొనిపోయిరి. వానిని తిరిగి పెరూకు చేర్చుటకు ఇంచుమించు నూఱేండ్లు పట్టినది. 2011, 2012 సంవత్సరములలో గాని అవి మరలి రాలేదు.

సంస్కృతమున ఆవిష్కారమన బయలుపఱచుట. ఉన్నదానిని పదుగురికి వెల్లడిచేసినవా డావిష్కర్త. తెలుగున కనుగొనుట యనగా, ఎఱుగనిదానిని మొదట కంటితో చూచి యెఱుగుట. బింగ్హామునకు మొదటి పేరు చెల్లును, రెండవది చెల్లదు. తాను దున్నుచున్న మడిని రైతు కనుగొనలేదనుట న్యాయమా?

ఇది గతించిన కథ యని చదువరులు త్రోసివేయరాదు. నేడు సాహసయాత్రికులు ఇన్కాల బాటను నలువదిమూడు కిలోమీటర్లు నాలుగు దినములు నడచి మాచూపిచ్చు చేరుదురు. నడుమ 4,200 మీటర్ల యెత్తున నొక కనుమ దాటవలయును. దినమునకు ఐదువందలమందినే ఆ బాటలో విడుతురు. అందు సగమునకు మించినవారు యాత్రికులు గారు. డేరాలు, వంటపాత్రలు, ఆహారపదార్థములు వీపున మోయు కూలీలును, దారి చూపువారును. ఆ కూలీలలో పెక్కురు ఇన్కాల భాషయగు కెచువాను మాటాడు రైతులే. యాత్రికుడు కనుమ చేరి రొప్పుచుండగా వారు ముందే పోయి డేరా వేసి వంట సిద్ధముచేసి యుందురు. వారి మోపు ఇరువది కిలోలకు మించరాదని 2001లో శాసనము చేయవలసివచ్చెననిన, అంతకుముందు వారి వీపులు మోసిన బరు వెంతయో ఊహింపవచ్చును. ఇంటికి మరలిన యాత్రికుడు వ్రాయు సాహసకథలో వీరి పేరు లెన్ని యుండును? ఆర్తేయాగకు దొరికినది ఒక సోలు. వీరికి దొరకునది దినవేతనము.

యాత్ర వలదని మేమనము. దేశములు చూడనివానికి చరిత్ర పుస్తకములోని యక్షరములే. కాని చూచివచ్చినవాడు తనకు దారి చూపినవానిని, మూట మోసినవానిని పేరడిగి తెలిసికొని, ఆ పేరును తన కథలో వ్రాయవలయును. మేమును మా పాఠమును మార్చుకొంటిమి. ఇప్పుడు బాలురకు చెప్పున దిది: మాచూపిచ్చును ఇన్కాలు కట్టిరి, చుట్టుప్రక్కల రైతులు దాని నెఱిగియుండిరి, 1902లో లిజారగ దాని గోడపై పేరు వ్రాసెను, 1911లో ఆర్తేయాగ దారి చూపగా బింగ్హాము పోయి చూచి, లోకమునకు వెల్లడించెను. వాక్యము కొంత పొడవైనది. బాలురు దానిని తేలికగనే అప్పగించుచున్నారు.