కడుపులో మంటకు ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రేనా? అసలు దోషి ఈ బ్యాక్టీరియా కావొచ్చు..!

పరగడుపున మంట.. రెండు ముద్దలు తింటే కాస్త హాయి.. మళ్లీ అర్ధరాత్రి నొప్పితో మెలకువ. మెడికల్ షాపులో గ్యాస్ మాత్ర తెచ్చుకుని వేసుకుంటే ఆ పూటకు సర్దుకుంటుంది. చాలా ఇళ్లలో ఇది మామూలే. తప్పంతా ఆవకాయ మీదకో, టెన్షన్ మీదకో తోసేస్తుంటారు. కారం మంటను పెంచొచ్చు కానీ.. కడుపులో పుండు పడటానికి ప్రధాన కారణాలు రెండు. ఒకటి నొప్పుల మాత్రలు అతిగా వాడటం. రెండోది హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా.

కడుపులోని యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదని ఒకప్పుడు డాక్టర్లే నమ్మేవారు. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పాథాలజిస్ట్ రాబిన్ వారెన్‌కు రోగుల కడుపు నుంచి తీసిన ముక్కల్లో వంకర తిరిగిన క్రిములు కనిపించాయి. యువ డాక్టర్ బ్యారీ మార్షల్ ఆయనతో చేయి కలిపారు. ల్యాబ్‌లో ఆ క్రిమిని పెంచాలని ఎంత ప్రయత్నించినా కుదరలేదు. చివరికి 1982లో ఈస్టర్ సెలవుల వల్ల ప్లేట్లు పారేయకుండా ఐదు రోజులు అలాగే ఉండిపోయాయి.. క్రిమి పెరిగింది! అయినా చాలామంది నమ్మలేదు. దాంతో 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగేశారు. కొద్ది రోజుల్లోనే వాంతులు, నోటి దుర్వాసన మొదలయ్యాయి. ఎండోస్కోపీ చేస్తే కడుపు లోపలి పొర వాచిపోయి ఉంది. ఎవరూ అనుకరించకూడని ప్రయోగమే అయినా, వైద్యం దారి మారింది. 2005లో ఇద్దరికీ నోబెల్ దక్కింది.

ఇంతకీ యాసిడ్‌లో అది ఎలా బతుకుతుంది? యూరియేజ్ అనే ఎంజైమ్‌తో యూరియాను విడగొట్టి అమ్మోనియా తయారు చేసుకుంటుంది. ఆ అమ్మోనియా చుట్టూ ఉన్న యాసిడ్‌ను చప్పబరుస్తుంది. ఈలోగా క్రిమి జిగురు పొరలోకి దూరి స్థిరపడుతుంది. ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటుంది.

అలాగని భయపడక్కర్లేదు. ఇది ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. కొందరికి అల్సర్ వస్తుంది, చాలా తక్కువమందికి క్యాన్సర్ దాకా వెళ్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. మరోవైపు ఈ క్రిమి ఉన్నవాళ్లలో కొన్ని రకాల ఛాతీమంట, ఆస్తమా తక్కువేమో అని అమెరికా శాస్త్రవేత్త మార్టిన్ బ్లేజర్ లాంటివాళ్లు అంటున్నారు. ఆ చర్చ ఇంకా తెగలేదు.

గుర్తించడం కష్టమేం కాదు. ఊపిరి పరీక్ష, మలపరీక్ష ఉన్నాయి.. అవసరమైతే ఎండోస్కోపీ చేస్తారు. అయితే ఇక్కడే చాలామంది పొరపడతారు. పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు వేసుకుంటూ పరీక్షకు వెళ్తే క్రిమి ఉన్నా లేనట్టు రిపోర్టు రావొచ్చు. అందుకే డాక్టర్‌ను అడిగి రెండు వారాల ముందే వాటిని ఆపాలి. యాంటీబయాటిక్స్ వాడి ఉంటే నాలుగు వారాలు ఆగాలి.

పాజిటివ్ వస్తే యాసిడ్ తగ్గించే మందుతో పాటు రెండు యాంటీబయాటిక్స్ సాధారణంగా 14 రోజులు ఇస్తారు. నాలుగో రోజుకే మంట తగ్గిందని మానేస్తే మిగిలిన క్రిములు మందులకు లొంగకుండా తయారవుతాయి. కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. బిస్మత్ ఉన్న మందు వాడితే మలం నల్లగా రావడం మామూలే. ఆ మందు గానీ, ఐరన్ మాత్రలు గానీ వాడకుండానే మలం తారులా నల్లగా వచ్చినా, రక్తపు వాంతి అయినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ముద్ద దిగడం కష్టంగా ఉన్నా మెడికల్ షాపు కాదు.. డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.