బస్సు ప్రయాణంలో జడత్వం

బస్సు ప్రయాణంలో జడత్వం అనగా, బస్సు వేగం గాని దిశ గాని మారినప్పుడు అందులోని ప్రయాణీకులు, సామాను తమ పూర్వపు గమన స్థితిలోనే కొనసాగడానికి చూపే స్వభావం. ఆగి ఉన్న బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడినవారు వెనుకకు తూలుతారు; బ్రేకు వేస్తే ముందుకు తూలుతారు. ఏదో బలం తమను తోసినట్లు చాలామంది భావిస్తారు. నిజానికి రోడ్డుపై నిలబడి చూసేవారి దృష్టిలో అటువంటి బలమేదీ లేదు. బ్రేకు వలన బస్సు వేగం తగ్గుతుంది, ప్రయాణీకుని శరీరం మాత్రం పాత వేగంతోనే ముందుకు సాగుతుంది.

చరిత్ర

కదిలే వస్తువు కదులుతూనే ఉండాలంటే దానిని ఎల్లప్పుడూ ఏదో ఒకటి తోస్తూ ఉండాలని అరిస్టాటిల్ బోధించాడు. ఈ అభిప్రాయం చాలాకాలం నిలిచింది. నిలకడగా సాగే ఓడ లోపలి గదిలో ఉన్నవారు అది కదులుతున్నదో ఆగి ఉన్నదో ఏ ప్రయోగం ద్వారానూ చెప్పలేరని గెలీలియో 1632లో వివరించాడు. 'ఇనర్షియా' అనే లాటిన్ పదాన్ని ఈ విషయంలో మొదట వాడినది కెప్లర్. అయితే అతని ఉద్దేశంలో అది నిశ్చలంగా ఉండాలనే గుణం మాత్రమే. బాహ్యబలం పనిచేయనంత వరకు నిశ్చల వస్తువు నిశ్చలంగాను, చలించే వస్తువు సమవేగంతో సరళరేఖలోను ఉంటుందని న్యూటన్ 1687లో వెలువడిన 'ప్రిన్సిపియా'లో మొదటి గమన నియమంగా పేర్కొన్నాడు.

గెలీలియో ఓడకు బదులు నేడు బస్సును తీసుకోవచ్చు. తిన్నని రోడ్డుపై సమవేగంతో పోయే బస్సులో పైకి ఎగురవేసిన నాణెం తిరిగి చేతిలోనే పడుతుంది.

నిలబడిన ప్రయాణీకుడు

బస్సు నేల పాదాలను మాత్రమే ఘర్షణ ద్వారా ఆపగలదు. నడుము, తల ముందుకు సాగుతూనే ఉంటాయి, కనుక శరీరం పాదాల వద్ద ఒరుగుతుంది. ఎంత త్వరణానికి ఒరుగుతుందో లెక్కించవచ్చు. శరీరపు గరిమనాభి నేల నుండి సుమారు 95 సెం.మీ. ఎత్తున, కాలివేళ్ళు దానికి సుమారు 12 సెం.మీ. ముందుగా ఉన్నాయనుకుంటే, దేనినీ పట్టుకోకుండా నిలబడినవారు దాదాపు 1.2 మీ/సె² ఋణత్వరణానికే ముందుకు పడతారు. గంటకు 36 కి.మీ. (సెకనుకు 10 మీటర్లు) వేగంతో పోయే బస్సు 5 సెకన్లలో ఆగితే అది 2 మీ/సె² అవుతుంది. అంటే మామూలు బ్రేకు కూడా పడవేయడానికి చాలు. బస్సు పోయే దిశలో ఒక కాలు ముందుకు, ఒకటి వెనుకకు వేసి నిలబడితే ఈ హద్దు రెట్టింపు వరకు పెరుగుతుంది. కండక్టర్లు సీటు అంచుకు ఆనుకొని టికెట్లు ఇవ్వడంలోని కిటుకు కూడా ఇటువంటిదే. ఆ సీటు పాదాలకు చాలా ఎత్తున శరీరానికి బలాన్ని అందిస్తుంది.

మలుపులు

బస్సు ఎడమకు తిరిగితే ప్రయాణీకులు కుడివైపుకు ఒరుగుతారు. ఇక్కడ మారినది దిశ. మలుపు తిరగడానికి కావలసిన అభికేంద్ర త్వరణం వేగపు వర్గానికి అనులోమానుపాతంలో, వ్యాసార్ధానికి విలోమానుపాతంలో ఉంటుంది. 50 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో గంటకు 36 కి.మీ. వేగానికి 2 మీ/సె² సరిపోతుంది. వేగం రెట్టింపైతే 8 మీ/సె² కావాలి. ఘాట్ రోడ్లపై వేగాన్ని పరిమితం చేయడానికి ఇది ఒక ముఖ్య కారణం. బస్సు పైకప్పు మీద బరువైన సామాను ఉంటే గరిమనాభి ఎత్తు పెరిగి, బస్సు బోల్తాపడే అవకాశం మరింత ఎక్కువవుతుంది.

బస్సులో కూర్చున్నవారి దృష్టి నుండి లెక్క వేసేటప్పుడు తమను తోసే ఒక మిథ్యాబలాన్ని ఊహించడం సౌకర్యంగా ఉంటుంది. మలుపులో దానినే అపకేంద్ర బలం అంటారు.

బెలూన్ విచిత్రం

కిటికీలు మూసిన బస్సులో హీలియం బెలూన్‌ను దారంతో కట్టి ఉంచితే, బ్రేకు వేసినప్పుడు అది వెనుకకు వంగుతుంది. హీలియం కంటే గాలి బరువైనది కావడంతో గాలి ముందుకు చేరి, తేలికైన బెలూన్‌ను వెనుకకు నెట్టివేస్తుంది.

ప్రమాదాలు

కదిలే బస్సు నుండి దిగినప్పుడు పాదాలు నేలను తాకి ఆగిపోతాయి, శరీరం బస్సు వేగంతోనే ఉంటుంది. బస్సు పోయే వైపు ముఖం పెట్టి కొన్ని అడుగులు పరుగెత్తినవారు నిలదొక్కుకోగలరు. వెనుకకు తిరిగి దిగినవారు వెల్లకిలా పడి తలకు దెబ్బ తగిలించుకుంటారు. ముందు ద్వారం వద్ద ఫుట్‌బోర్డుపై నుండి జారినవారు వెనుక చక్రాల క్రిందకు పోయే అవకాశం కూడా ఉన్నది.

బస్సు దేనినైనా ఢీకొని 0.1 సెకనులో ఆగితే, సెకనుకు 10 మీటర్ల వేగంతో ఉన్న 60 కి.గ్రా. శరీరాన్ని దానితోపాటు ఆపడానికి 6,000 న్యూటన్ల బలం, అనగా సుమారు 600 కి.గ్రా. బరువుకు సమానమైన బలం కావాలి. చేతులతో కడ్డీని పట్టుకొని దీనిని తట్టుకోవడం అసాధ్యం. సీటు బెల్టు లేనివారిని ముందు సీటు వీపో, అద్దమో ఆపుతుంది. పైఅరలో కట్టకుండా ఉంచిన పెట్టెలు కూడా అదే వేగంతో ముందుకు వచ్చి పడతాయి.