గ్రేపు కాదు, గ్రైపు: ఒక సీసా పుట్టుపూర్వోత్తరాలు

మా ఇంట్లో దాన్ని గ్రేపు వాటర్ అనేవాళ్ళు. మందుల షాపు ఆయనా అలాగే అనేవాడు. తియ్యగా ఉంటుంది కాబట్టి ద్రాక్షపళ్ళ రసంతో చేస్తారని చాలా ఏళ్ళు నమ్మాను. చెల్లెలికి పట్టాక చెంచాలో మిగిలే రెండు చుక్కల కోసం కాచుకు కూర్చున్నవాణ్ణి, నమ్మక ఏం చేస్తాను? సీసా మీద బొమ్మ ఇంకో చిక్కు. చేతుల్లో పాముల్ని పట్టుకున్న బొద్దు పిల్లాడు. మా నాయనమ్మ లెక్కలో అతను చిన్నికృష్ణుడు, పాము కాళీయుడు. "మరి రెండో పామో?" అంటే, "దాని పెళ్ళాంరా" అని తేల్చేసింది.

తీరా చూస్తే అందులో ద్రాక్షా లేదు, కృష్ణుడూ లేడు. 'గ్రైప్' అంటే పేగుల్ని మెలిపెట్టే కడుపునొప్పికి ఇంగ్లీషువాళ్ళ పాత మాట. ఆ పిల్లాడు గ్రీకు పురాణాల్లోని హెర్క్యులిస్. తనను చంపడానికి వచ్చిన రెండు పాముల్ని పసికందుగా ఉన్నప్పుడే పిసికి చంపాడని కథ. చంటిపిల్లల తల్లులు ఒకరికొకరు చెప్పుకునే సలహాల్లో ఈ సీసా అంత దూరం నడిచింది, ఇన్ని తరాలు నిలిచింది మరొకటి కనిపించదు.

చిత్తడి నేలల జ్వరం

కథ ఇంగ్లండు తూర్పు ప్రాంతంలో మొదలవుతుంది. కేంబ్రిడ్జ్‌షైర్, లింకన్‌షైర్, నార్ఫోక్ జిల్లాల్లో 'ఫెన్స్' అనే చిత్తడి నేలలున్నాయి. నీరు నిలిచిన చోట దోమలు, దోమలున్న చోట మలేరియా. దానికి దోమ కారణమని అప్పటికి ఎవరికీ తెలియదు. వాళ్ళు దాన్ని ఫెన్ జ్వరం అనేవారు. 1840ల్లో ఆ జ్వరం వచ్చిన పిల్లలకు అక్కడి వైద్యులు పట్టే ద్రావకం ఒకటుండేది. అది తాగిన పిల్లలు ఏడుపు మాని కుదుటపడటం చాలామంది గమనించారు.

గమనించినవాళ్ళలో విలియం ఉడ్‌వర్డ్ ఒకడు. 1828లో లింకన్‌షైర్‌లోని స్టాంఫర్డ్‌లో పుట్టాడు. పద్నాలుగో ఏట మందుల దుకాణంలో పనికి కుదిరాడు. 1851లో, ఇరవై మూడేళ్ళ వయసులో, నాటింగ్‌హామ్ వెళ్ళి సొంతంగా వ్యాపారం పెట్టుకున్నాడు. జ్వరం మందును ఆధారం చేసుకుని పసిపిల్లల కడుపునొప్పికి, పళ్ళు వచ్చేటప్పటి బాధకు ఒక ద్రావకం కలిపాడు. శతపుష్ప నూనె, తినే సోడా, చక్కెర, నీళ్ళు, ఆల్కహాల్. దీనికి 'గ్రైప్ వాటర్' అని పేరు పెట్టి 1876లో ట్రేడ్‌మార్కు నమోదు చేయించాడు. బ్రిటన్‌లో ట్రేడ్‌మార్కుల నమోదు మొదలైందే ఆ ఏడాది.

శతపుష్ప మనకు కొత్తదేం కాదు. కొన్ని ఇళ్ళల్లో పప్పులో వేసుకునే సోయికూర గింజే అది. కడుపుబ్బరానికి ఆయుర్వేదం ఎప్పటినుంచో వాడుతున్న దినుసు.

నల్లమందు పక్కన తియ్యటి నీళ్ళు

ఉడ్‌వర్డ్ దుకాణం తెరిచిన ఊరు ఎలాంటిదో తెలిస్తే ఆ సీసా ఎందుకు అంతగా అమ్ముడుపోయిందో అర్థమవుతుంది. నాటింగ్‌హామ్ అంటే లేసుల ఊరు. ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని పొద్దస్తమానం లేసు పని చేసేవారు. పని ఆగితే కూలి లేదు, పిల్ల ఏడిస్తే పని సాగదు. అందుకని 'గాడ్‌ఫ్రీస్ కార్డియల్' అనే పాకం పట్టేవారు. అది నల్లమందు కలిపిన తియ్యటి పాకం. తాగిన పిల్ల ఏడవదు, కదలదు, పాలూ అడగదు. అలా చిక్కి శల్యమై పోయిన పిల్లలెందరో. అట్లాంటిక్‌కు అవతల అమెరికాలో 1849 నుంచి అమ్మిన 'మిసెస్ విన్‌స్లోస్ సూదింగ్ సిరప్'లో ఉన్నదైతే మార్ఫీన్. ఆ పేరులోని అమ్మతనమే దాని వ్యాపార రహస్యం.

మనమేమీ తక్కువ తినలేదు. బొంబాయి మిల్లుల్లో పనిచేసే తల్లులు షిఫ్టుకు వెళ్ళే ముందు పిల్లలకు 'బాలాగోళీ' వేసి పడుకోబెట్టేవారు. అదీ నల్లమందు మాత్రే. అక్కడా ఇక్కడా కారణం ఒకటే: తల్లికి పని తప్పదు, బిడ్డను చూసే చెయ్యి ఇంకొకటి ఉండదు.

వీటి పక్కన పెట్టి చూస్తే గ్రైప్ వాటర్ గంగిగోవు. నల్లమందు లేదు, మార్ఫీన్ లేదు. పిల్ల ఊపిరి ఆగిపోతుందన్న భయం లేకుండా చేతిలోకి తీసుకోగలిగిన సీసా అది. ఆల్కహాల్ మాత్రం 3.6 శాతం ఉండేది. బీరులో ఉండేదానికి కాస్త తక్కువ. అప్పట్లో అదో తప్పుగా ఎవరికీ తోచలేదు.

సలహాయే ప్రకటన

ఉడ్‌వర్డ్ కంపెనీకి ఒక సంగతి మొదట్లోనే బోధపడింది. పిల్ల ఏడుస్తున్నప్పుడు తల్లి చూసేది పేపర్లో ప్రకటన వైపు కాదు, ఇంట్లో పెద్దావిడ ముఖం వైపు. అందుకే అమ్మమ్మ అమ్మకు చెప్పింది, అమ్మ నాకు చెప్పింది అనే అర్థం వచ్చే నినాదాన్ని పట్టుకుంది. మందు ఎలా పనిచేస్తుందో అందులో ఒక్క ముక్క లేదు. ఎవరు చెప్పారన్నదే ముఖ్యం.

దేశం మారినా ఆ కిటుకు మారలేదు. తర్వాతి కాలంలో కేంద్ర ఆర్థికమంత్రి అయిన టి.టి. కృష్ణమాచారి 1928లో మద్రాసులో మొదలుపెట్టిన టీటీకే సంస్థ ద్వారా ఈ సీసా దక్షిణాది ఇళ్ళల్లోకి వచ్చింది. టీవీలో వచ్చిన ప్రకటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. పాప ఏడుస్తుంటుంది. ఏమైందని పెద్దావిడ అడుగుతుంది. గ్రైప్ వాటర్ పట్టమంటుంది. నీ చిన్నప్పుడు నేనూ అదే పట్టానంటుంది. అంతలో ఆవిడకన్నా పెద్దావిడ వచ్చి ఆవిడకూ అదే మాట చెబుతుంది. తెలుగులోకి డబ్బింగ్ చెప్పినా ఎక్కడా అతకనట్టు అనిపించలేదు. మన వరండాల్లో అప్పటికే రోజూ జరుగుతున్న సంభాషణే కదా.

మన దగ్గర అది అంత తేలిగ్గా ఇమిడిపోవడానికి ఇంకో కారణం, దానికి ముందే చోటు సిద్ధంగా ఉంది. ముక్కున్న ఉగ్గుగిన్నె ప్రతి ఇంట్లోనూ ఉండేది. అందులో ఆముదం, తల్లిపాలు కలిపి ఉగ్గు పట్టేవారు. చిన్నప్పుడే అబ్బిన విద్యను ఉగ్గుపాలతో అబ్బిందనడం అక్కణ్ణించి వచ్చిందే. వసకొమ్మును సానరాయి మీద అరగదీసి నాలుకకు రాస్తే మాటలు త్వరగా వస్తాయని నమ్మకం. వాగుడుకాయను వసపిట్ట అనడం అందుకే. కడుపు ఉబ్బితే వామునీళ్ళు, బొడ్డు చుట్టూ ఇంగువ పట్టు. ఇన్ని గిన్నెల సరసన సీసా ఒకటి చేరింది, అంతే. సానరాయి కడిగే పని తప్పిందని కోడళ్ళు సంతోషించి ఉంటారు కూడా. ఇప్పుడు మన దగ్గర అమ్మే సీసాల మీద తినే సోడాను 'సర్జికాక్షారం' అని రాస్తున్నారు. నాటింగ్‌హామ్ మందు నూరేళ్ళలో ఆయుర్వేదం పంచె కట్టేసుకుంది.

సీసాలోంచి సారా పోయింది

20వ శతాబ్దం చివరికి వైద్యులు ఈ సీసా వైపు అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. పాలు తప్ప మరేదీ ఎరగని పసికందుకు రోజూ ఆల్కహాల్ ఏమిటన్నది మొదటి ప్రశ్న. 1992లో బ్రిటన్‌లో దాన్ని తీసేయించారు. 1993లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ బయటి దేశాల గ్రైప్ వాటర్‌ను అనుమతి లేని మందుగా లెక్కగట్టి రేవులోనే ఆపెయ్యమంది. అక్కడ ఆ తర్వాత అమ్ముడైనవి ఆల్కహాల్ లేని సీసాలు, అవీ మందు అన్న పేరుతో కాదు. అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి పురుటికి వెళ్ళే మన అమ్మలు మాత్రం పచ్చళ్ళ డబ్బాల మధ్య సీసాను చీరలో చుట్టి తీసుకెళ్తూనే ఉన్నారు.

ఆల్కహాల్ పోయాక రెండో ప్రశ్న మిగిలింది. అసలు ఇది పనిచేస్తుందా? చేస్తుందని గట్టిగా చెప్పగల పరిశోధన ఏదీ లేదు. మరి అన్ని లక్షలమంది అమ్మమ్మలు కళ్ళారా చూశామంటున్నది ఏమిటి? అబద్ధమా? కాదు. వాళ్ళు చూసింది నిజమే. దాని కారణమే వేరు.

గడియారం పెట్టి లెక్కపెడితే

కారణం లేకుండా పసిపిల్లలు గుక్కపట్టి ఏడవడానికి వైద్యంలో కోలిక్ అని పేరు. 1954లో అమెరికన్ వైద్యుడు మోరిస్ వెసెల్ దానికో కొలత పెట్టాడు: రోజుకు 3 గంటలకు పైగా, వారంలో 3 రోజులకు పైగా, 3 వారాలకు మించి ఏడిస్తే కోలిక్. 1962లో టి. బెరీ బ్రాజెల్టన్ 80 మంది పసిపిల్లల తల్లుల చేత ఏడుపు లెక్కలు రాయించాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కూడా రెండో వారం నుంచి ఏడుపు పెంచుతూ పోయారు. ఆరో వారానికి అది రోజుకు సుమారు రెండు ముప్పావు గంటలకు చేరింది. అక్కడి నుంచి తగ్గుతూ మూడో నెల నిండేసరికి చాలావరకు సద్దుమణిగింది. ఎక్కువ ఏడుపు సాయంత్రం పూటే. మనవాళ్ళు సందెవేళ దిష్టి తగిలిందనుకున్నది ఈ ఏడుపునే.

తల్లికి ఓపిక ఎప్పుడు నశిస్తుంది? ఏడుపు తారస్థాయికి వెళ్ళిన ఆరో వారంలో. అప్పుడే సలహా అడుగుతుంది, అప్పుడే సీసా కొంటుంది. సీసా ఖాళీ అయ్యేలోపు ఏడుపు దానంతటదే తగ్గుముఖం పడుతుంది. ఆ వారంలో ఏం పట్టినా, ఏం రాసినా, ఏం దిగదుడిచినా పేరు దానికే వస్తుంది. పైగా చక్కెర నీళ్ళు నాలుకకు తగిలితే పసిపిల్లలు కాసేపు ఏడుపు ఆపుతారు. ఇది ఆసుపత్రుల్లో పరీక్షించి తేల్చిన విషయమే. గ్రైప్ వాటర్‌లో అప్పటికప్పుడు పనిచేసేది ఆ తీపి.

ఈ లెక్కను మా ఇంట్లో కళ్ళారా చూశాను. పురుటికి వచ్చిన మా అమ్మాయి ఒళ్ళో మనవరాలు సాయంత్రం ఆరున్నర కొట్టగానే రాగం అందుకునేది. "అమ్మాయ్, వాము వేసి కాచిన నీళ్ళు పట్టు" అంది మా వదిన. "ముందు ఉప్పు, మిరపకాయలు దిగదుడవండి అన్నయ్యగారూ, మందులు తర్వాత" అని ఎదురింటావిడ. మా ఆవిడ నన్ను సందు చివరికి తరిమి గ్రైప్ వాటర్ తెప్పించింది. పిల్లల డాక్టరు సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, "మూడో నెల వస్తుందిగా, అదే మందు" అని నవ్వి పంపేశాడు. మా అమ్మాయి ఆ మాట పట్టుకుని మూత తియ్యనివ్వలేదు. పద్నాలుగో వారంలో ఒక సాయంత్రం ఏడు దాటినా ఇంట్లో చప్పుడు లేదు. మర్నాడు ఎదురింటావిడ వచ్చి, "చూశారా, నేను చెప్పలేదూ?" అంది. ఆవిడ నెలన్నర కిందట దిష్టి తీసింది.

ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి

పెద్దవాళ్ళ సలహాలన్నీ కొట్టిపారేయమని కాదు. పాలు తాగాక బిడ్డను భుజాన వేసుకుని వీపు నిమిరి తేనుపు తెప్పించడం, గుడ్డ ఉయ్యాల్లో ఊపడం, ఒళ్ళో పెట్టుకుని జోకొట్టడం, ఇవన్నీ అమ్మమ్మలు నేర్పినవే. వీటికి తిరుగులేదు. చిక్కంతా నోట్లోకి వెళ్ళే వాటితోనే. ముర్రుపాలు పిండి పారబోయమన్నదీ, పుట్టగానే తేనె నాకించమన్నదీ ఆ పెద్దలే. ముర్రుపాలు బిడ్డకు తొలి రక్షణ. ఏడాది నిండని పిల్లలకు తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. వసలో ఉండే రసాయనం మీద అనుమానంతో అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో నిషేధించింది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చెంచాడు నీళ్ళు కూడా వద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. డాక్టరు రాసిన విటమిన్ చుక్కలు, మందులకే మినహాయింపు. గ్రైప్ వాటరూ, వామునీళ్ళూ రెండూ ఈ గీతకు అవతలే ఉన్నాయి.

ఏడుపుతో పాటు జ్వరం ఉన్నా, ఆకుపచ్చగా కక్కుకున్నా, విరేచనంలో రక్తం కనిపించినా, కడుపు ఉబ్బి గట్టిపడినా, పాలు ముట్టకుండా వడిలిపోయినా అది మూడో నెల దాకా ఆగాల్సిన ఏడుపు కాదు. ఎవరి సలహా కోసమూ చూడకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మిగతా ఏడుపుకు కావలసింది ఇంకో చెయ్యి. నాటింగ్‌హామ్ లేసు తల్లికీ, బొంబాయి మిల్లు తల్లికీ లేనిది అదే. పురిటి బిడ్డను చూడ్డానికి వెళ్ళినప్పుడు సీసా పట్టుకెళ్ళకండి, సలహా కూడా వాయిదా వేయండి. సాయంత్రం ఆరున్నరకు వెళ్ళి, బిడ్డను ఓ గంట ఎత్తుకుని, ఆ తల్లిని కాసేపు నిద్రపోనివ్వండి.